ఆ సాయంత్రం మొదటి దీపం

కోర్టులో మా ఆవిడ సాక్ష్యం చెబుతున్నప్పుడు జడ్జిగారు రాసుకోవడం ఆపి, కళ్ళజోడు తీసి, ఆవిడ ముఖంలోకి చూస్తూ విన్నారు. తీర్పులో కూడా ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాశారు. ఈ సాక్షికి ముద్దాయి మీద పగ లేదు, అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు, ఆమె దీపం పెట్టే వేళను చూసి వీధిలోవాళ్ళు పశువుల్ని కట్టేసుకుంటారు అని. నేను వెనక బెంచీలో కూర్చుని ఆ మాటలు విని పొంగిపోయాను. ఆ మాటలతోనే నూకరాజుకి యావజ్జీవం పడింది.

మా ఇల్లు కోనసీమలో, గోదావరి పాయకి దగ్గర. ఇంటికి ఎదురుగా వీరభద్రంగారి కొబ్బరి కొట్టు. నూకరాజు ఆ కొట్టుకి దింపు తీసే మనిషి. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కి కాయలు కోసి దించేవాడు. వాడి ఇల్లు పాయ అవతల లంకలో. ఒక వానాకాలం సాయంత్రం వీరభద్రంగారు తన కొట్లోనే కత్తివేటుకి పోయారు. ఐదు దాటాక ఆయన అల్లుడితో ఫోనులో మాట్లాడారు. ఏడయ్యేసరికి శవమై కనిపించారు. ఆ మధ్యలో కొట్లోంచి ఎవరు బయటికి వచ్చారన్నదే కేసు.

మా ఆవిడ పేరిందేవి చూసింది చూసినట్టు చెప్పింది. తాను వసారా గూట్లో దీపం పెడుతుండగా నూకరాజు కొట్టు గేటులోంచి వచ్చాడు. నడుముకి కత్తి ఉంది. వీధి పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. పలకరిస్తే పలికి, గబగబా రేవువైపు వెళ్ళిపోయాడు. అంతే.

నూకరాజు అందులో ఒక్క ముక్క కూడా కాదనలేదు.

"ఆయ్, అమ్మగారు నన్ను పలకరించిన మాట నిజవేనండి. చేతిలో దీపం కూడా ఉందండి. కానండి, అప్పటికింకా బడి వదల్లేదండి" అన్నాడు.

ప్రభుత్వ వకీలు నవ్వారు. "బడి వదలకముందే దీపాలు పెట్టేస్తారటయ్యా మీ ఊళ్ళో?"

హాల్లో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. చీకటి పడకముందే వాణ్ణి పాయ దాటించానని పడవవాడు చెప్పాడు గాని, అతను నూకరాజుకి బావమరిది కావడంతో ఎవరూ లెక్కచేయలేదు. నూకరాజు తరఫు వకీలు మా ఆవిణ్ణి ఒక్కటే అడిగారు. "ఆ రోజు బాగా మబ్బు పట్టింది కదమ్మా. పొరపాటున దీపం ముందే పెట్టేశారేమో?"

"మా ఇంట్లో సంధ్యవేళకే దీపం పెడతామండి" అంది పేరిందేవి.

అది నిజమే. ముప్ఫై ఏళ్ళుగా నేను చూస్తున్నదీ అదే. కాకపోతే ఆ రోజు నేను ఇంట్లో లేను. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నాను. మర్నాడే నాకు గుండె ఆపరేషను.

*

నాలుగేళ్ళ తర్వాత రజియా అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నూకరాజు పై కోర్టులో చేసుకున్న అప్పీలుకి కొత్త వకీలు. తన వెంట విశాఖపట్నం నుంచి మృణాళినిగారని ఒక శాస్త్రజ్ఞురాలిని తీసుకొచ్చింది. ఇప్పుడైతే మసి పరీక్ష అంటే అందరికీ తెలుసు. అప్పటికి ఆ మాట మేము వినలేదు.

మృణాళినిగారు వసారాలో గూటి ముందు నిలబడి, తల వంచి, లోపలి పైకప్పు చూశారు. అది నాపరాయి పలక. దాని అడుగున దీపపు మసి అరంగుళం మందాన పేరుకుని ఉంది.

"ఇది ఎప్పుడూ తుడవలేదా అమ్మా?" అని అడిగారు.

"మా అత్తగారి కాలం నుంచీ తుడవలేదు. శుక్రవారం కుందె తోముతాం, గూట్లో కింద అలుకుతాం. పైన నలుపు మాత్రం తియ్యకూడదని ఆవిడ చెప్పారు. ఇంటికి మంచిదని."

మృణాళినిగారు మా ఇద్దర్నీ విశాఖ రమ్మన్నారు. పలకని ఊడదీసి, కొత్త చీరముక్కలో చుట్టి, కారులో పేరిందేవి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ప్రయోగశాలలో మృణాళినిగారు ఒక చిన్న దీపం వెలిగించి, దాని పైన గాజుబిళ్ళ పట్టుకున్నారు. "కోదండంగారూ, దీపం దగ్గరగా వచ్చి ఏదైనా మాట్లాడండి" అన్నారు.

"ఏం మాట్లాడమంటారమ్మా?" అన్నాను.

నల్లబడిన ఆ బిళ్ళని యంత్రంలో పెట్టారు. సూదిమొనంత వెలుగు దాని మీద అటూ ఇటూ పరిగెత్తింది. నూనెలో గింజలు వేగుతున్నట్టు చిటపటలాడుతూ ఒక శబ్దం వచ్చింది. అందులోంచి నా గొంతే, కొంచెం జలుబు చేసినట్టుగా, "ఏం మాట్లాడమంటారమ్మా?" అని అడిగింది.

పేరిందేవి నవ్వాపుకోలేకపోయింది. "దేవుడా! అంత గొప్ప యంత్రానికి చెప్పడానికి మీకు ఇంకే మాటా దొరకలేదూ?"

మనం మాట్లాడితే గాలి కదులుతుంది. గాలి కదిలితే దీపం వణుకుతుంది. దీపం వణికినప్పుడల్లా మసి ఒకలా పడుతుంది, నిలకడగా ఉన్నప్పుడు ఇంకోలా పడుతుంది. మృణాళినిగారు కనిపెట్టింది ఆ తేడాని చదవడం. నాకు అర్థమైంది ఇంతే. ఒక రోజు దీపానికి ఒక పొర. ఏ పొర ఏ రోజుదో ఎలా తెలుస్తుందని అడిగితే, నువ్వులనూనె మసి వేరు, నెయ్యి మసి వేరు అన్నారు. నా ఆపరేషను అయిన రోజు నుంచి మండలం పాటు పేరిందేవి నేతిదీపం పెట్టింది. ఆ మొదటి నేతి పొరకి సరిగ్గా కింద ఉన్నదే హత్య జరిగిన రోజు.

"ఒక సంగతి చెప్పాలమ్మా" అన్నారు మృణాళినిగారు. "చదివిన పొర మిగలదు, ఆవిరైపోతుంది, దాని శబ్దం మాత్రం యంత్రంలో ఉంటుంది. ఆ రోజుదాకా వెళ్ళాలంటే పైనున్న నాలుగేళ్ళూ తీసెయ్యాలి. వాటిని నేను వినను. అవి మీ ఇంటి మాటలు. ఒప్పుకుంటేనే చేస్తాను."

పేరిందేవి ఆలోచించలేదు. "తియ్యండి. నాలుగేళ్ళుగా ఆ కనకం, నూకరాజు పెళ్ళాం, నేను కనిపిస్తే చాలు మొహం తిప్పుకుని వెళ్ళిపోతోంది. రేవులో నలుగురి ముందూ దొంగసాక్షి అంది. ఆ దీపం ఎదుటే చూశాను. ఆ దీపమే చెబుతుంది."

యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుంది. మృణాళినిగారు వద్దనలేదు.

*

నెల తర్వాత నాకు మృణాళినిగారి నుంచి ఫోను వచ్చింది. నన్ను ఒక్కణ్ణే రమ్మన్నారు.

వెళ్ళేసరికి ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. రజియా కిటికీ దగ్గర నిలబడి ఉంది. గెలిచిన వకీలులా లేదు. ముందు మీరు వినాలి, తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడుకుందాం అన్నారు మృణాళినిగారు.

చిటపటల మధ్య అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తర్వాత నా భార్య గొంతు.

"నూకరాజూ! ఇంకా చెట్టు మీదే ఉన్నావనుకున్నాను. మబ్బు చూడు, పట్టపగలే ఎంత చీకటి పడిందో! గడియారం కూడా ఆగి చచ్చింది."

దూరంగా, వీధిలోంచి, "దిగిపోయానండమ్మగారూ. గాలొత్తే పడవ ఆపేత్తారండి."

"వెళ్ళు వెళ్ళు. మీ అయ్యగారికి ఆపరేషను చెయ్యబోతున్నారు. లంకలో అమ్మవారికి నా పేరు చెప్పి ఒక దణ్ణం పెట్టు నాయనా."

"ఆయ్, అలాగేనండి. అయ్యగారికేం అవదండి, రాయిలా తిరిగొత్తారు."

కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, కాని పొరపడడానికి వీల్లేకుండా, మా వీధి చివరి హైస్కూలు గంట. నాలుగున్నరకి బడి వదిలేటప్పుడు కొట్టే పొడుగాటి గంట. వెనకాలే పిల్లల అరుపులు. ఆ తర్వాత గాలి రివ్వుమంది. ఒక్కసారిగా అంతా ఆగిపోయింది.

"ఇక్కడ దీపం..." అని మృణాళినిగారు ఆగారు.

"కొండెక్కింది" అన్నాను నేను. ఆరిపోయింది అని మా ఇళ్ళల్లో అనరు. నా నోటికి కూడా ఆ మాట రాలేదు.

"అవును. ఇది పలచటి పొర. దీనిమీద అదే రోజుది ఇంకో పొర ఉంది. అదే నూనె, మందమైన పొర. ఆవిడ మళ్ళీ వెలిగించారు. వీధిలోవాళ్ళు చూసిన దీపం అదే."

అది కూడా వినిపించారు. మళ్ళీ అగ్గిపుల్ల. వెనక గుళ్ళో మైకు పాట. అంటే ఆరు దాటింది. పేరిందేవి గొంతు ఈసారి చాలా దగ్గరగా ఉంది. ఏడుస్తోంది.

"తల్లీ, ఇందాకటిది నేను పెట్టలేదు, నువ్వు చూడలేదు. ఇవాళ్టి దీపం ఇదే. ఇందాక అలా అయిందన్న మాట నా నోట రానివ్వను. ఎవరడిగినా అనను. చచ్చేదాకా అనను. ఆయన్ని మాత్రం ఇంటికి పంపించు తల్లీ. నా పసుపుకుంకాలు నిలబెట్టు."

నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయాను.

మృణాళినిగారు చెయ్యి అడ్డం పెట్టి యంత్రం ఆపారు. "ఇది వినే హక్కు నాకు లేదండీ. పాత గుళ్ళల్లో ఎప్పటివో మంత్రాలు వినాలని ఈ పని మొదలుపెట్టాను. ఒక మనిషి దేవుడితో చెప్పుకున్నది కోర్టులో పెట్టడానికి కాదు."

"రెండోది లేకుండా మొదటిది చాలదా అమ్మా?" అని రజియాని అడిగాను.

"చాలదు బాబాయిగారూ. మొదటిది ఇంకో రోజుదంటారు. ఆ రెండూ ఒకే రోజువని చెప్పేది ఆ ప్రార్థనే."

*

ఇంటికి వచ్చాక రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడో రోజు పొద్దున్న వంటింట్లో పీట మీద కూర్చుని, ఆవిడ కూర తరుగుతుండగా విన్నది విన్నట్టు చెప్పాను. బడి గంట దాకా చెప్పేసరికి కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి లేచి వసారాలోకి వెళ్ళిపోయింది. పైకప్పు లేని గూటి ముందు చాలాసేపు నిలబడింది.

నేను వెనకాలే వెళ్ళాను. కోపంగా అడగాలనుకున్నాను. "నీకు తెలిసే..." అని మాత్రం అనగలిగాను.

"తెలిసి కాదండీ" అంది. "ఆ మొదటి దీపాన్ని నేను మనసులోంచి తీసేశాను. అలాంటిది తలుచుకోకూడదు కదా. మీరు అక్కడ బల్ల మీద పడుకోబోతున్నారు. ఇక్కడ నా చేతిలో దీపం... తలుచుకోకుండా తలుచుకోకుండా అది జరగనే లేదన్నట్టయిపోయింది. దాంతోపాటు ఆ వేళ కూడా పోయింది. నూకరాజు మాత్రం మిగిలిపోయాడు. దీపం పెడుతుంటే వచ్చాడన్నది ఉండిపోయింది. మిగిలింది రెండో దీపమే కదా, వాణ్ణి తీసుకొచ్చి దాని పక్కన నిలబెట్టాను. కోర్టులో చెబుతున్నప్పుడు కూడా నాకు వాడు సంధ్యవెలుగులోనే కనిపించాడండీ. అమ్మవారి తోడు."

"మబ్బు పట్టి ముందే పెట్టారేమోనని ఆ వకీలు అడిగాడు కదా."

"అడిగాడు. అప్పుడు లోపల ఏదో కదిలింది. కదిలినదాన్ని తొక్కేశాను. అదే అండి నేను చేసింది."

నేను రోజూ పూజ చేసుకునే మనిషిని. పదో తరగతి దాటి చదవలేదు. అయినా ఆ రోజు దేవుణ్ణి అడగాలనిపించింది. ఈవిడ మొక్కు నువ్వు విన్నావా? వింటే, ఆ మొక్కుకి కట్టుబడడం వల్ల ఇంకొకడి ఇల్లు కూలుతుందని నీకు తెలియదా? నన్ను బతికించింది డాక్టర్లు. ఆ సంగతి నాకు తెలుసు. మరి మా ఆవిడ నాలుగేళ్ళు కాపాడిన మౌనం దేనికి పనికొచ్చినట్టు? ఆయన్ని తప్పుపట్టే ధైర్యం మాత్రం రాలేదు.

పై కోర్టుకి వెళ్ళేముందు రజియా ఒక మాట అంది. ప్రార్థన భాగాన్ని జడ్జిలు మాత్రమే లోపల వినేలా అడుగుతానంది. పేరిందేవి తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. ఆ రోజు అందరి ముందూ వాణ్ణి చూపించాను. ఇదీ అందరినీ విననీ."

విన్నారు. పాత కోర్టులో నవ్విన ప్రభుత్వ వకీలు లేరు, ఆయన చోట వేరే ఆయన. ఎవరూ నవ్వలేదు. బడి గంట మోగినప్పుడు ముద్దాయి బోనులో నూకరాజు తల ఎత్తాడు. గుర్తుపట్టడానికి నాకే కొంచెంసేపు పట్టింది. అంత ఎత్తు చెట్లెక్కిన భుజాలు లోపలికి ముడుచుకుపోయాయి. ప్రార్థన వస్తున్నంతసేపూ మా ఆవిడ నిలబడే ఉంది. జడ్జిగారు కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ నెలలోనే వాణ్ణి వదిలేశారు. వీరభద్రంగారి కేసు మళ్ళీ మొదటికి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఇంకెవరు దొరుకుతారు?

*

వాడు ఇంటికి చేరిన వారానికి మేమిద్దరం పాయ దాటి లంకకి వెళ్ళాం. పడవవాడు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం చెయ్యి అందించలేదు.

కనకం గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమనలేదు.

"వచ్చారా అమ్మగారూ! నాలుగేళ్ళకి తీరిక దొరికిందా? మీ దీపం సల్లగుండాలని మా దీపం ఆర్పేశారు కదా."

ఆర్పేశారు అన్న మాట ఆవిడ తడుముకోకుండా అంది. పేరిందేవి తల వంచుకుంది.

"నిజమే కనకం. నువ్వు నన్ను దొంగసాక్షి అన్నావు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు."

"మీ కోపం ఎవరిక్కావాలండి? నా పిల్ల బడి మానేసింది. హంతకుడి కూతురని పక్కన కూర్చోనివ్వలేదు. ఆ యంత్రంతో అది కూడా వెనక్కి తిప్పుతారేటి?"

"కనకం, ఊరుకోయే" అంటూ నూకరాజు లోపలి నుంచి వచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. "ఆయ్, అయ్యగారూ, ఒంట్లో బాగుందాండి?"

నేను కూడా చేతులు జోడించాను.

పేరిందేవి వాడి కాళ్ళ మీద పడబోయింది. వాడు భయపడి వెనక్కి గెంతి, గోడకి ఆనుకున్నాడు. "అమ్మగారూ, తప్పండి, తప్పండి! పెద్దోరు మీరు!" అని కంగారుగా అరిచాడు. ఆవిడ మట్టి నేల మీదే కూర్చుండిపోయింది. వాడు కూడా కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"నన్ను తిట్టు నాయనా" అంది.

"తిట్టడానికి ఏం లేదండి. లోపల మొదటి ఏడాది రోజూ గుర్తు తెచ్చుకునేవోణ్ణి. బడి వదల్లేదు, మబ్బుంది, అమ్మగారు పలకరించారు, రేవుకొచ్చాను, పడవెక్కాను. అందరికీ అదే సెప్పేవోణ్ణండి. జైల్లో వార్డరుకీ, పక్క మంచం ఆడికీ. ఆళ్ళు నవ్వేవోరు."

చేతులు చూసుకున్నాడు. అరచేతుల్లో కాయలు మెత్తబడిపోయాయి.

"తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చిందండి. పేరిందేవమ్మగారు అబద్ధం ఆడే మనిషి కాదు. దీపం ఎదటే నన్ను సూశానని సెప్పారు. మరి నేను సెప్పేది ఎలా నిజమవుద్ది అని. రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే కొట్లోనే ఉన్నట్టుండేదండి. చేతిలో కత్తుండేది. వీరభద్రంగారు కింద పడున్నట్టుండేది. అవన్నీ కలలో, నిజంగా చూసినవో తెలిసేది కాదండి. ఆఖర్న బడి గంట విన్నానో లేదో కూడా మర్చిపోయాను."

కనకం లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

నూకరాజు కొంచెం ముందుకి జరిగాడు. గొంతు తగ్గించి, భయభయంగా, పెద్దవాళ్ళని ఏదో అడగకూడనిది అడుగుతున్నట్టు అడిగాడు.

"అమ్మగారూ, జడ్జీలు వదిలేశారు సరేనండి. ఆళ్ళు యంత్రం మాట విన్నారు. మీరు ఒక్కసారి సెప్పండి. మీరు సెబితే నమ్ముతాను. నేను... ఆ పని సెయ్యలేదు కదండీ?"

పేరిందేవి వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"చెయ్యలేదు నాయనా" అంది. వాడు తల ఊపాడు గాని, ఆవిడ ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆ సాయంత్రం ఆఖరి పడవ వేళదాకా అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ చెబుతూనే ఉంది.